మా మనిషేనండీ

"ఆంటీ ఏంటే? ఎవర్ని నువ్వు ఆంటీ అంటున్నది?"

చిట్టి ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని ఇసకలో అలాగే నిలబడిపోయింది. కాళ్ళ కింద ఇసక కాలుతున్నా కదల్లేదు.

"నిన్నేనే అడుగుతున్నది. పొద్దున పడవలో ఓసారి అన్నావు. అలల హోరులో నాకే సరిగా వినపడలేదేమో అనుకున్నాను. ఇప్పుడు మళ్ళీ అన్నావు. నేను నీకేమవుతాను?"

"అత్తవి."

"మీ నాన్నకి?"

"అక్కవి."

"మరి ఈ ఆంటీ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

చిట్టి వెనక్కి తిరిగి చూసింది. దూరంగా నీలం గొడుగు కింద వాళ్ళమ్మా, ఓడలో పరిచయమైన డాక్టరుగారి భార్యా పక్కపక్కనే పడక కుర్చీల్లో కాళ్ళు చాపుకుని ఉన్నారు. వాళ్ళమ్మ కళ్ళకున్న నల్లద్దాలు ఈ అక్క కళ్ళజోళ్ళ షాపులోవే. ప్రయాణానికి ముందు అక్కే ఏరి, మరదలి ముక్కుకి సరిపోయేలా ఫ్రేము వంచి మరీ పెట్టింది.

"అమ్మ అలా పిలవమంది," చిట్టి గొంతు తగ్గించింది. "మనం ఇంటికెళ్ళేదాకా నిన్ను ఆంటీ అనాలట. డాక్టరు తాతగారి వాళ్ళ ముందు అత్తా అన్నానంటే ఐస్‌క్రీమ్ లేదట."

ఐస్‌క్రీమ్! పుట్టిన రోజు నుంచి చంకనేసుకుని పెంచిన మేనత్తని ఆ తల్లి ఒక ఐస్‌క్రీమ్‌కి మార్చేసింది.

"సరే, వెళ్ళి ఆడుకో," అంది అక్క. "టోపీ పెట్టుకో."

చిట్టి బతుకుజీవుడా అని పరిగెత్తింది. అక్క మాత్రం అక్కడే ఉండిపోయింది. నాలుగు రోజులుగా అర్థం కానివన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే అర్థమవుతున్నాయి.

విహారయాత్రకని ఓడెక్కిన రోజు డాక్టరుగారి భార్య తనని "మీరు" అంది. రెండోరోజుకి "నువ్వు" అయింది. ఓహో, కలుపుగోలు మనిషి, చనువు పెరిగింది అనుకుంది అక్క. ఈరోజు పొద్దున ఓడ ఒడ్డుదాకా రాలేక సముద్రంలోనే ఆగిపోతే అందర్నీ చిన్న పడవల్లోకి దించారు. ఒడ్డు తగలగానే ఆవిడ తన సంచీ, తన చెప్పులు, ఇద్దరు మనవల చెప్పులు కూడా అక్క చేతిలో పెట్టి "జాగ్రత్తమ్మా" అంటూ నీళ్ళలోకి దిగి నడిచిపోయింది. దాన్నీ చనువే అనుకుంది మన పిచ్చిది. చెప్పులు చనువుతో చేతికిస్తారా ఎవరైనా?

పైగా తమ్ముడు! వాళ్ళ ముందు నాలుగు రోజులుగా తనని ఏమనీ పిలవడం లేదు. "ఇదిగో", "చూడు", "అమ్మకి మందిచ్చారా" అంటూ గాలితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు.

పొద్దున ఓడలో మైకు మోగింది. ఈరోజు ఒడ్డున హాయిగా గడపండి, మీకు ఏ పనీ లేదు, పూర్తి విశ్రాంతి అని. విశ్రాంతట! ఆ మాట విని అక్క నిజంగానే సంబరపడింది. నడుముదాకా సముద్రంలో నిలబడాలని, అల వచ్చి కొడుతుంటే ఎవరూ పిలవకుండా కాసేపు ఉండాలని ఆవిడ చిన్న ఆశ. వచ్చిన దగ్గర్నుంచి చీర అంచు కూడా తడవలేదు. తల్లిని నీడలో కూర్చోబెట్టడం, చిట్టికి క్రీము పూయడం, డాక్టరుగారి మనవలు ఒకరి కళ్ళల్లో ఒకరు ఇసక కొట్టుకుంటే విడదీయడం. విశ్రాంతి అంతా ఆ నీలం గొడుగు కిందే ఉంది.

డాక్టరుగారి భార్య లేచి అలల వైపు వెళ్ళేదాకా ఆగింది అక్క. తర్వాత వెళ్ళి ఆ ఖాళీ కుర్చీ అంచు మీద కూర్చుంది.

"చిట్టికి ఏం నేర్పావు?"

"ఏం నేర్పాను వదినా?"

"ఆంటీ అనడం."

మరదలు నల్లద్దాలు తీయలేదు. చేతికి క్రీము రాసుకుంటూనే ఉంది. "ఓస్, దానికా! దానికింత రాద్ధాంతం ఎందుకు వదినా? ఈరోజుల్లో అందరూ ఆంటీలే."

"ఆ డాక్టరుగారి భార్య నేనెవరనుకుంటోంది?"

"ఎవరనుకుంటుంది?"

"నన్నడుగుతావేం? నిన్నడుగుతుంటే."

క్రీము డబ్బా మూత బిగించడానికి మరదలు చాలాసేపు తీసుకుంది. "చూడండి వదినా, నేనేం అబద్ధం ఆడలేదు. మొదటిరోజు మీరు అత్తయ్యకి చేప ముళ్ళు తీసి తినిపిస్తుంటే, ఆవిడెవరండీ అని అడిగింది. మా మనిషేనండీ అన్నాను. తప్పా? మీరు మా మనిషి కాదా? పరాయివాళ్ళా? నేను ప్రేమగా అన్న మాట కూడా తప్పయిపోయిందా?"

మా మనిషి! ఎంత చక్కని మాట. ఆపదలో అడ్డుపడ్డవాణ్ణి మా మనిషి అంటాం. రేపు గిన్నెలు తోమడానికి మా మనిషిని పంపిస్తాను అని కూడా అంటాం. మాట ఒకటే. మరదలు రెండు అర్థాల మీదా చెరో కాలు వేసి, ఏది జారినా రెండోదాని మీద నిలబడొచ్చని హాయిగా ఉంది.

"ఆవిడ ఎలా అర్థం చేసుకుంది?" అంది అక్క.

"ఆవిడ బుర్రలో దూరి చూశానా నేను?"

"నా చేతికి చెప్పులిచ్చినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. అప్పుడైనా అర్థమైందా లేదా?"

మరదలు నల్లద్దాలు ముక్కు మీద సర్దుకుంది.

"అర్థమైంది. అందుకే పిల్లకి ఆంటీ అని నేర్పావు. ప్రేమగా అన్నదానివైతే అత్తా అన్న పిలుపుకి భయమెందుకే నీకు?"

"నా మీద పడతారేంటి వదినా? నేను అనేసి ఊరుకున్నాను. దాన్ని పట్టుకుని మీ తమ్ముడేం చేశారో మీకు తెలీదు. ఆయన్నే అడగండి!"

అడక్క వదిలిపెడుతుందా?

తమ్ముడు ఓ మునక వేసొచ్చి మోకాలి లోతు నీళ్ళలో డాక్టరుగారితో నిలబడి ఉన్నాడు. చేతులు గాల్లో పైకీ కిందికీ తిప్పుతూ స్తంభాలు, స్లాబులు చూపిస్తున్నాడు. కాంట్రాక్టరు కదా, సముద్రంలో నిలబడ్డా వాడికి బిల్డింగే కనిపిస్తుంది. డాక్టరుగారు తలూపుతున్నారు. తమ్ముడు అవసరం లేనిచోట కూడా నవ్వుతున్నాడు. అక్క చెయ్యి ఊపింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. రెండోసారి ఊపింది. అప్పుడు కదిలి వచ్చాడు, లైఫ్ జాకెట్లు కుప్పగా పోసిన చోటికి.

"ఏమైంది? అమ్మకేమైనా..."

"అమ్మకి బాగానే ఉంది. నాకే బాగాలేదు. నేనెవర్నిరా?"

వాడికి అర్థమైపోయింది. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు.

"మెల్లగా అక్కా. వింటారు."

"ఆహా, ఇక్కడ అక్కనా? అక్కడ ఇదిగోని. విననీ. వింటే నీకేం పోతుంది?"

"అక్కా, నేను కావాలని చెయ్యలేదు. నిజంగా. రెండోరోజు డాక్టరుగారు నా భుజం తట్టి, తల్లికోసం మనిషిని పెట్టి షిప్పుదాకా వెంట తెచ్చే కొడుకు ఈ కాలంలో ఎక్కడున్నాడయ్యా అన్నారు. అందరిముందూ అన్నారు. నేనేమనాలి?"

"మనిషి కాదండీ, మా అక్క అనాలి."

"అంటే ఏమవుతుంది? నేను అమ్మని చూసుకోవట్లేదన్నట్టేగా?"

"చూసుకుంటున్నావా?"

వాడి జుట్టులోంచి నీళ్ళు కారి ముఖం మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు.

"ఆయన పెద్ద ఆసుపత్రి కట్టిస్తున్నారక్కా. తల్లినే ఇంత బాగా చూసుకునేవాడు నా గోడలు వంకరగా కడతాడా అన్నారు. ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది నా పని. ఇప్పుడు పోయి, ఆవిడ మనిషి కాదండీ మా అక్క, అమ్మ పని అంతా ఆవిడే చేస్తుంది, నేను చూస్తూ ఊరుకుంటాను అని చెప్పమంటావా? పైగా ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే?"

"అంటే నీ ఆసుపత్రి పునాదిలో నన్ను వేసి పూడుస్తున్నావన్నమాట."

"అంత మాట ఎందుకక్కా! నువ్వంటే నాకు ఎంత గౌరవమో నీకు తెలీదా?"

"ఆ గౌరవం గదిలో పెట్టి తాళం వేసుకో. నలుగురిలో బయటికి రాని గౌరవం నాకెందుకు? నాన్న పోయాక ఆ షాపులో నేను నిలబడితేనే కదరా ఈ ఇల్లు నిలబడింది. దాని గురించి ఏనాడైనా నోరెత్తానా? ఇప్పుడూ ఎత్తను. నాకు దండాలొద్దు, క్షమాపణలొద్దు. వాళ్ళిద్దరి ముందూ నోరు తెరిచి 'మా అక్క' అను. అంతే."

తమ్ముడు సముద్రం వైపు చూశాడు. డాక్టరుగారు ఒంటరిగా నిలబడి వీళ్ళవైపే చూస్తున్నారు. వాడు ఆయనకి ఓ నవ్వు విసిరి, ఇటు తిరిగేసరికి మళ్ళీ ముఖం మామూలైపోయింది.

"అంటాను."

"ఎప్పుడు?"

"భోజనాల దగ్గర. నేనే తేలిగ్గా, నవ్వుతూ చెప్పేస్తాను. వాళ్ళూ నవ్వేస్తారు. అప్పటిదాకా నువ్వు మాత్రం ఏం మాట్లాడకు అక్కా. నా మీదొట్టు."

ఒట్టు వేసుకోవాల్సింది వాడు. వేయించింది మాత్రం అక్క చేత. వాడి తెలివితేటలే అంత.

అక్కే వెళ్ళి నేను పనిమనిషిని కాదండీ అని చెప్పేయొచ్చుగా అని మీరంటారు. చెప్పొచ్చు. నోరు లేకా? షాపులో కళ్ళజోడు విరగ్గొట్టుకుని మీ సరుకే మంచిది కాదని దబాయించేవాళ్ళని ఎంతమందిని ఆవిడ నోరు మూయించలేదు! కానీ నేను వీడికి అక్కనవుతాను అని ఊరంతా తనే చాటుకోవాల్సి వస్తే ఇక ఆ చుట్టరికం ఎందుకు? ఆ మాట వాడి నోటి నుంచి రావాలి. ఆవిడకి కావాల్సింది అదొక్కటే.

తల్లి కొబ్బరాకుల నీడలో చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. ఆ కుర్చీ ఇసకలో ముందుకి కదలదు. ముందు చక్రాలు పైకెత్తి, వెనక్కి నడుస్తూ లాక్కెళ్ళాలి. పొద్దున అలాగే లాక్కొచ్చింది అక్క. అరచేతులు ఇంకా మండుతున్నాయి. నీడ జరిగి తల్లి పాదాల మీద ఎండ పడుతుంటే మళ్ళీ అలాగే లాగి లోపలికి జరిపింది.

"అమ్మా, నీకు తెలుసా?"

"నీళ్ళు ఎంత నీలంగా ఉన్నాయో చూశావా?" అంది తల్లి.

"వీళ్ళు నా గురించి ఏం చెప్పారో నీకు తెలుసా అని అడుగుతున్నాను."

తల్లి ఒళ్ళో తువ్వాలు మడత విప్పి మళ్ళీ అలాగే మడిచింది.

"తెలుసన్నమాట."

"వాడికి మంచి పని తగిలిందే. ఆ పని దొరికితే మళ్ళీ వెనక్కి చూసుకోనక్కర్లేదట. చంటాడు ఇన్నాళ్ళకి ఓ ఒడ్డున పడతాడు."

ఆ చంటాడికి నలభై దాటాయి. నెత్తిన జుట్టు పల్చబడింది.

"వాడు ఒడ్డున పడతాడు సరే. నేను నీ కూతుర్ని కాదా?"

"కాదని ఎవరన్నారే?"

"అవునని నువ్వెప్పుడన్నావు? ఈ నాలుగు రోజుల్లో వాళ్ళ ముందు ఒక్కసారన్నా అన్నావా?"

తల్లి చూపు తిప్పుకుంది. ఎవరికో చెబుతున్నట్టుగా అంది. "నిన్న ఆవిడ అడిగింది. మీకు పిల్లలెంతమందండీ అని."

"ఏం చెప్పావు?"

"వాడు పక్కనే ఉన్నాడే..."

అంతే. ఇంకేం చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఒక్కడే అని చెప్పిందన్నమాట! కన్నతల్లి, రోజూ తన చేతే జడ వేయించుకుంటూ, నాకు ఒక్కడేనండీ అని చెప్పింది. తమ్ముడి మీద వచ్చిన కోపం అక్కకి మాటల్లో పోయింది. తల్లి మీద వచ్చిన కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. గొంతులోనే అడ్డం పడి కూర్చుంది.

లేచి తిన్నగా నీళ్ళవైపు నడిచింది. చెప్పులు కూడా విప్పలేదు. చీలమండలు తడిశాయి. పిక్కలు తడిశాయి. చల్లగా, మెత్తగా కాళ్ళ కింద ఇసక జారిపోతుంటే కాసేపు కళ్ళు మూసుకుంది.

"ఏమ్మా!" వెనకనుంచి డాక్టరుగారి భార్య గొంతు. కోపం లేదు అందులో. పాపం, మంచి మనిషి. "పిల్లలు ఎండలో ఉన్నారు, కాస్త చూడమ్మా!"

నిన్నటిదాకా ఆ పిలుపు మామూలుగా వినిపించింది. ఇప్పుడు ఒళ్ళంతా మండింది. అయినా వెనక్కి వచ్చింది. పిల్లల్ని నీడలోకి తీసుకొచ్చి, టోపీలు పెట్టి, ముక్కులు తుడిచింది. పిల్లలేం చేశారు పాపం. భోజనాల దాకా ఆగుదాం అనుకుంది.

ఒడ్డు మీద తాటాకు కప్పు వేసిన పెద్ద పాక ఉంది. ఓడవాళ్ళే అక్కడ భోజనాలు ఏర్పాటు చేశారు. వేయించిన చేప, ముక్కలు కోసిన పళ్ళు, అన్నం, రొట్టె. పొడవాటి బల్లకి ఒకవైపు డాక్టరుగారు, ఆయన భార్య, మనవలు. ఎదురుగా తమ్ముడు, మరదలు, చిట్టి. అక్క తల్లి కుర్చీని బల్ల చివరికి చేర్చి, ఆవిడ పక్కన తనకో కుర్చీ లాక్కుంది.

రోజూ ఓడలో తల్లి పెందలాడే తింటుంది కాబట్టి అక్క కూడా ఆవిడతోపాటే తినేసేది. వీళ్ళందరితో కలిసి ఒకే బల్ల ముందు కూర్చోవడం ఇదే మొదలు.

డాక్టరుగారి భార్య ఆ కుర్చీవైపు చూసింది. మరదలి వైపు చూసింది. మరదలు పళ్ళెంలోకి చూసింది.

"నీకు ఇక్కడ ఇరుకవుతుందేమోనమ్మా," అంది ఆవిడ మెత్తగా. "అదిగో, ఆ పక్క బల్ల ఖాళీగా ఉంది. గాలి బాగా వస్తోంది. పెద్దావిడకి పెట్టేసి అక్కడ కూర్చుని హాయిగా తిను. ఇంతమందిలో నీకూ మొహమాటంగా ఉంటుంది."

అక్క కదల్లేదు. తమ్ముణ్ణి చూసింది. రెప్ప వేయకుండా చూసింది.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "అసలు... డాక్టరుగారూ... మీకో మాట చెప్పాలండీ."

మరదలి చెంచా సగంలో ఆగింది.

"చెప్పవయ్యా," అన్నారు డాక్టరుగారు.

"అదేనండీ... అంటే ఏమీ లేదు... నేను మొదటే చెప్పాల్సింది. ఈ... ఈ చేప భలే ఉంది కదండీ!"

చేప! ఒక్క కడుపున పుట్టిన బంధం గొంతుదాకా వచ్చి, చేపయి నోట్లోంచి ఊడిపడింది.

"ఉప్పు తక్కువైంది," అన్నారు డాక్టరుగారు.

అక్క లేచింది. కుర్చీని నెమ్మదిగా వెనక్కి పెట్టింది. తల్లి పళ్ళెంలో చేప ముక్క విడదీసి, ముళ్ళు ఏరుతూ నిలబడింది. ఇక ఆవిడ ఎవరివైపూ చూడలేదు.

డాక్టరుగారి భార్య ఆ చేతులనే చూస్తోంది. "ఎంత ఓపిక! ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నావమ్మా వీళ్ళింట్లో?"

"పుట్టినప్పటి నుంచీ అండీ."

"అయ్యో! అంటే మీ అమ్మ కూడా ఈ ఇంట్లోనే..."

"మా అమ్మా ఈ ఇంట్లోనే ఉందండీ. నన్ను కన్నదీ ఇక్కడే."

మరదలికి పొలమారింది. తమ్ముడు మంచినీళ్ళ గ్లాసు అందించాడు. తల్లి నోట్లో ముద్ద నమలడం మానేసింది.

"విన్నారా?" అన్నారు డాక్టరుగారు మెచ్చుకోలుగా. "తరాల నుంచి ఉన్న నమ్మకం అది. ఈ కాలంలో దొరకదు. నువ్వు అదృష్టవంతుడివయ్యా."

"అంతా మీ దయ అండీ," అన్నాడు తమ్ముడు. ఆయన దయ ఏమిటి ఇందులో, నా తలకాయ!

"నీకంటూ నీవాళ్ళెవరూ లేరా?" ఆవిడ మళ్ళీ అడిగింది.

"ఉన్నారనే అనుకున్నానండీ."

ఆవిడ కళ్ళు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి. నాలుగు రోజుల పరిచయానికి ఆవిడ కరిగింది. ఒక్క కడుపున పుట్టినవాడు మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఆవిడ భర్త వైపు వంగి ఏదో అంది. ఆయన తలూపారు. తర్వాత ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది.

"మీరేమీ అనుకోనంటే ఒకటి అడుగుతాను. మా అత్తగారు మంచం మీద ఉన్నారు. ఎవర్ని పెట్టినా పట్టుమని పది రోజులు నిలవట్లేదు. నాలుగు రోజులుగా ఈవిణ్ణే చూస్తున్నాను. ఈవిణ్ణి మా ఇంటికి పంపించకూడదూ? మా ఇంట్లో లోటు లేకుండా చూసుకుంటాం. మీకు మేమే ఇంకో మంచి మనిషిని వెతికి పెడతాం."

ఇంతకంటే మంచి సమయం దొరుకుతుందా ఎవరికైనా? ఇక మాట కల్పించుకోనక్కర్లేదు, సందర్భం వెతకక్కర్లేదు. అయ్యో, ఆవిడ మా అక్క అండీ అని నవ్వేస్తే చాలు. ఆ మాటకి వాళ్ళు ముందు నాలుక్కరుచుకుంటారు, తర్వాత క్షమించమంటారు. తమ్ముడు నోరు తెరిచాడు కూడా.

"తొందరేం లేదయ్యా," అన్నారు డాక్టరుగారు. "మనం ఎలాగూ ఆసుపత్రి ప్లాన్ల మీద మా ఇంట్లో కూర్చుంటాంగా. అప్పుడు ఇదీ మాట్లాడుకుందాం."

తమ్ముడి నోరు తెరిచినట్టే ఉంది. అందులోంచి మాట కూడా వచ్చింది.

"భలేవారండీ. మీరడిగితే మేం కాదంటామా?"

చిట్టి వాళ్ళ నాన్న ముఖంలోకి చూసింది, తర్వాత అత్త ముఖంలోకి చూసింది. పిల్లకి ఏడుపొస్తోంది. ఐస్‌క్రీమ్ కోసం ఆపుకుంటోందో, భయంతో ఆపుకుంటోందో తెలీదు.

"వీల్లేదు!"

బల్ల దద్దరిల్లింది. కొట్టింది తల్లి. ఆ ముసలి చేతిలో అంత బలం ఉందని ఎవరికీ తెలీదు. గ్లాసులో నీళ్ళు తొణికాయి. మరదలి ముఖం పాలిపోయింది.

అక్క చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. అమ్మ. ఎంతైనా అమ్మ. నాలుగు రోజులు కడుపులో దాచుకుంది, ఇక దాచుకోలేకపోయింది. తొమ్మిది నెలలు మోసిన తల్లి, కొడుకు కూతుర్ని దానం చేస్తుంటే ఎలా చూస్తూ ఊరుకుంటుంది? గొంతులో అడ్డం పడిన కోపమంతా ఒక్కసారిగా కరిగి కళ్ళలోకి వచ్చేసింది. చాలు. ఆ కొడుకు ఏమైనా పోనీ. అమ్మ అంటే చాలు.

"దాన్ని పంపించడానికి వీల్లేదు," తల్లి గొంతు వణికింది. "అది పోతే నాకెవరు చేస్తారు?"

ముద్ద పళ్ళెంలో పడింది.

"చూశారా, పెద్దావిడ ఎంత అలవాటు పడిపోయారో!" డాక్టరుగారి భార్య జాలిగా నవ్వింది. "కంగారు పడకండి అమ్మా. మీకు ఇబ్బంది కానివ్వం. ఇంకొకరు కుదిరాకే పంపిద్దురుగాని."

"అలా అయితే సరే," అంది తల్లి, చిన్నపిల్లలా ముక్కు ఎగబీల్చి.

అక్క చెయ్యి కడుక్కుంది. గుడ్డ తడిపి తల్లి మూతి తుడిచింది. మెడ దగ్గర ఇరుక్కున్న మెతుకు తీసింది. ఆ గుడ్డని మడిచి తల్లి ఒళ్ళో పెట్టి, బల్ల చుట్టూ తిరిగి అవతలి వైపుకి వెళ్ళింది. డాక్టరుగారి భార్య పక్కనున్న కుర్చీ లాక్కుని, తమ్ముడికి సరిగ్గా ఎదురుగా కూర్చుంది.

"చెప్పండమ్మగారూ," అంది. "ఎప్పటి నుంచి రమ్మంటారు?"

"అక్కా!"

నాలుగు రోజులుగా రాని మాట, వేడుకున్నా రాని మాట, తమ్ముడి నోటి నుంచి కేకలా వచ్చేసింది. కుర్చీ వెనక్కి పడింది. వాడు లేచి నిలబడ్డాడు.

డాక్టరుగారు చెంచా కింద పెట్టారు. వాడి వైపు, అక్క వైపు మార్చి మార్చి చూశారు. "ఏమన్నావు? అక్కా?"

తమ్ముడి పెదాలు కదిలాయి. వాడి కళ్ళు అక్కని బతిమాలుతున్నాయి, ఏం చెప్పమనో వాడికే తెలియకుండా.

అక్క వాడివైపు చూడకుండానే డాక్టరుగారి వైపు తిరిగి నవ్వింది.

"మర్యాదకి అలా పిలుస్తుంటారండీ. చాలా మంచివాళ్ళు."